గోడవైపు తిరిగిన బిళ్ళ

ఆకు కోసమని పనిమనిషి మునిలక్ష్మి గోదాంలో కింది వరసలోని గోతాన్ని లాగితే, దాని వెంటే ఒక మనిషి చెయ్యి జారి బయటికొచ్చింది.

నాలుగు గోతాలు తొలగించాక మొహం కనిపించింది. అంజినప్ప. ఆ మందు కేంద్రంలో కషాయం కాచే మనిషి.

డిటెక్టివ్ పురుషోత్తమ్ మోటారు సైకిల్ ఆపేసరికే పోలీసు జీపు వాకిట్లో ఉంది. అతన్ని అక్కడికి రమ్మన్నది ఒక్కడే. ఆ ఒక్కడూ ఇప్పుడు గోతాల కింద ఉన్నాడు. ముందురోజు సాయంత్రం అంజినప్ప ఫోన్ చేసి, “పురుషోత్తమా, మీ పెదనాయన తాగే మందు సంగతి ఒకటి చెప్పాల. ఫోన్లో వద్దు. రేపు పొద్దున్నే కేంద్రం కాడికి రా అప్పా,” అన్నాడు.

పెదనాయన ఓబలప్ప నిన్నటి నుంచి కోలారు ఆసుపత్రిలో ఉన్నాడు. గనిలో రాయి తొలిచి తొలిచి, ఆ పొడితో ఊపిరితిత్తులు గట్టిపడిన మనిషి. ఏడాదిగా ఈ కేంద్రం కషాయం తాగి బాగా తేరుకున్నాడు. ఆకలి పెరిగింది, మొహం నిండింది, మెట్లెక్కాడు. బేతమంగళలో కూతురింటికి పోతూ మందు సీసా మరిచిపోయాడు. వారం తిరక్కుండానే కూలబడ్డాడు.

కేంద్రం ఉన్నది ఒకప్పుడు గని కార్మికుల హాజరు చూసిన టైం ఆఫీసులో. గనులు మూతబడ్డాక పావురాలకు వదిలేసిన ఆ కట్టడంలో, అడ్డసరం ఆకు కషాయంతో ఊపిరి జబ్బు తగ్గుతుందో లేదో తేల్చడానికి సర్కారు సొమ్ముతో రెండేళ్ళ కిందట పరిశోధన మొదలైంది. అంజినప్పతో కలిపి అరవై మంది పాత కార్మికులు చేరారు. ఆ సొమ్ము కోసం బెంగళూరు చుట్టూ తిరిగి, చెప్పులరగదీసి, చివరికి సాధించుకొచ్చినవాడు శ్రీకంఠ. ఇదే టైం ఆఫీసులో ఒకప్పటి గుమాస్తా. ఇప్పుడు కేంద్రం మేనేజరు. రోగులను చూసేది డాక్టర్ మధుర, కోలారు నుంచి వచ్చిన ఆయుర్వేద వైద్యురాలు.

“వచ్చినాడప్పా, బర్రెల డిటెక్టివ్!” గుమ్మంలోనే అడ్డంగా నిలబడ్డాడు ఇన్‌స్పెక్టర్ వెంకటరమణప్ప.

“నేను వెతికిన బర్రె దొరికింది సార్. మీరు వెతికిన చైను దొంగ దొరికినాడా?”

కానిస్టేబులు నవ్వు ఆపుకోవడానికి పక్కకు తిరిగాడు. ఇన్‌స్పెక్టర్ మీసం కింద పెదవి బిగిసింది.

“ఈ కేసు నీకు మిగల్లేదు. నేను వచ్చిన అర్ధగంటకే అయిపోయింది. నిన్న సాయంత్రం డాక్టరమ్మ వీనితో గొంతు చించుకొని గొడవ పడింది. ఎదురుగా టీ అంగడాయన విన్నాడు. ఆకు దుడ్డు ఈమె తినేసింది, వాడు కనిపెట్టినాడు, తల పగలగొట్టి గోతాల కింద తోసింది. ఈమెను జీపెక్కిస్తా, కేంద్రానికి సీలు వేస్తా. ఇంగ నువ్వు ఇంటికి పో.”

“సీలు వేస్తే అరవై మందికి మందు?”

“ఆకు నీళ్ళే కదప్పా. ఇంట్లో కాచుకోమను.”

పురుషోత్తమ్ జేబులో ఫోన్ మోగింది. కోలారు ఆసుపత్రి నుంచి డాక్టర్ చిన్మయ్.

“మీ పెదనాయనకు బీపీ నిలబడ్తా లేదు పురుషోత్తమ్. ఆ ఉబ్బిన మొహం చూస్తే నాకు స్టెరాయిడ్ అనుమానం. అలవాటైన మందు టక్కున ఆపితే ఇట్లే పడిపోతారు. అనుమానం మీద ఒక ఇంజెక్షన్ వేసినాను. కానీ పాత క్షయ కూడా లేచినట్టుండాది. ఏ మాత్ర, ఎంత, ఎన్నాళ్ళు తాగినాడో తెలియకుండా ముందుకు పోలేను. కనుక్కొని చెప్పండి. తొందరగా.”

“అది ఉట్టి ఆకు కషాయం డాక్టర్. ఇంగ్లీషు మందు ఒక్క చుక్క కలపకూడదని సర్కారు షరతు. పెదనాయన చేరేటప్పుడు సాక్షి సంతకం పెట్టింది నేనే.”

“అయితే మీ సాక్ష్యం తప్పు,” అని చిన్మయ్ ఫోన్ పెట్టేశాడు.

లోపల డాక్టర్ మధుర బల్ల మీద కూర్చుని ఉంది. పక్కన మహిళా కానిస్టేబులు. ఏడ్చిన జాడలేదు.

“గొడవ ఎందుకమ్మా?”

“ఆకు వాసన మారింది సార్. మాకు నలిపిన ఎండాకు వస్తాది, చూసి పోల్చలేం. కానీ మూడు నెలలుగా కషాయంలో ఆ చేదు లేదు. ఎందుకని అడిగినాను. చెప్పలేదు. అరిచినాను. ‘రేపు అందరి ముందర చెప్తానమ్మా, ఒక్క రాత్రి ఓర్చుకో’ అన్నాడు. ఆరింటికి నేను పోయినాను. అప్పుడు పొయ్యి ముందర కూర్చోనుండాడు.”

“గోదాం తాళంచెవి?”

“హాల్లో, బిళ్ళల బోర్డు పక్క మేకుకు. ఎప్పుడూ అక్కడే. లోపలికి వచ్చినవాళ్ళు ఎవరైనా తీయొచ్చు.”

“రోగులు బాగైనారని సంతోషపడినారా?”

ఆమె చటుక్కున తలెత్తింది. “భయపడినాను. ఏ మూలికా అంత తొందరగా పని చేయదు. మొహాలు ఉబ్బుతా ఉన్నాయి, కాళ్ళ పుండ్లు మానడం లేదు. శ్రీకంఠ సార్‌కు చెప్తే, ‘ఒళ్ళు చేసినారమ్మా, దిష్టి పెట్టొద్దు’ అని నవ్వినారు.”

“బాగైతే భయపడే డాక్టరు!” అన్నాడు ఇన్‌స్పెక్టర్ వెనక నుంచి.

“పని చేయకపోతే పని చేయలేదని రాయడానికే కదా సార్ పరిశోధన. నేను అట్లా రాయడానికి కూడా సిద్ధంగా ఉంటిని.”

పురుషోత్తమ్ గోదాంలోకి నడిచాడు. శవాన్ని కదపలేదు, పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. తల వెనక గాయం ఉంది, కానీ చిన్నది. నెత్తురు చెవి దాకా కూడా రాలేదు. నోరు కొంచెం తెరిచి ఉంది. పళ్ళ సందులో, ముక్కు అంచున, గోళ్ళలో సన్నని పీచు.

“సార్, ఇటు రాండి. ఇది తల పగిలి పోయిన మనిషి కాదు. గోనె పీచు చూడండి. మొహం మీద గోతాం అదిమి ఊపిరాడకుండా చేసినారు.”

“ఎట్ల చేస్తేనేమప్పా? చేసింది ఆమె.”

“పొయ్యి దగ్గర వంగి పనిచేసే ఒళ్ళు సార్ వాడిది. ఆమె మీ భుజానికి కూడా రాదు.”

“ఊపిరి లేని ముసిలోన్ని అదమడానికి పైల్వాన్ కావాల్నా?” అని ఇన్‌స్పెక్టర్ బయటికి పోయాడు. ఆ మాటలో నిజముంది.

వెనక తలుపు తీసి పెరట్లోకి వచ్చాడు. కషాయం వడకట్టాక మిగిలిన పిప్పిని పారేసే గుంత అక్కడుంది. గుంత దాదాపు ఖాళీ. ఎవరివో మూడు మేకలు గోడ దూకి వచ్చి, మిగిలింది కూడా నాకుతున్నాయి.

పురుషోత్తమ్ అక్కడే ఆగిపోయాడు.

అతను కామసముద్రంలో పట్టుపురుగులు పెంచే ఇంట్లో పుట్టాడు. ఆ ఊళ్ళో మల్బరీ తోటల చుట్టూ అడ్డసరం కంచె నాటుతారు. ఎందుకంటే అడ్డసరాన్ని మేక మూతి పెట్టి చూడదు. కరువొచ్చి తాటాకు పీకి తిన్న ఏడాది కూడా ఆ కంచె పచ్చగానే ఉండేది. తోటలో మల్బరీని మాత్రం ఒక్క రెమ్మ చిక్కితే వేరుదాకా గీకుతుంది.

లోపలికొచ్చి, అడుగు గోతాంలో చెయ్యి పెట్టి పిడికెడు పొడి తీసి అరచేతిలో పరిచాడు. ఆకు ముక్కల మధ్య ఆవగింజల్లాంటి నల్లటి గుళికలు. ఒకటి రెండు తెల్లటి పోగులు. వాసన చూడనక్కర్లేదు. చిన్నప్పుడు వాళ్ళమ్మ పిల్లమ్మ రోజూ తట్టలో ఎత్తి దిబ్బలో పోసేది ఇదే. పురుగులు తిని వదిలేసిన మల్బరీ, వాటి పెంటతో సహా.

అరవై మంది ముసలివాళ్ళు కళ్ళకద్దుకుని తాగింది ఇది!

హాల్లోకి వచ్చేసరికి శ్రీకంఠ అందరికీ కాఫీ పోస్తున్నాడు. తెల్లటి పంచె, భుజం మీద తువ్వాలు, చేతిలో పెద్ద ఫ్లాస్కు. కానిస్టేబులుకు కూడా గ్లాసు అందించి, పురుషోత్తమ్‌ను చూడగానే ఫ్లాస్కు కింద పెట్టి దగ్గరికొచ్చాడు. భుజం మీద చెయ్యి వేశాడు.

“బస్సు దిగితినో లేదో ఈ వార్త! నిన్న ఐదింటికి నేను పోయేటప్పుడు కూడా నవ్వుతా పలకరించినాడప్పా. ఓబలప్పకు ఎట్లుండాది? నువ్వు ఏమన్నా తింటివా?”

ఆ చెయ్యి పురుషోత్తమ్‌కు కొత్త కాదు. పదేళ్ళ వయసులో, గనిలో రాయి పేలి నాయన పోయిన రోజు మొదటిసారి పడింది. తర్వాత బడి ఫీజు కట్టింది, ఫుట్‌బాల్ ఆడి చెయ్యి విరిగితే ఆసుపత్రిలో రాత్రంతా కూర్చుంది, మేడ మీద గదికి ‘డిటెక్టివ్’ బోర్డు కట్టించింది. పెదనాయన కషాయం తాగనని మొండికేస్తే, “శ్రీకంఠ సార్ చెప్పినాక ఆలోచించేదేముంది?” అని ఒప్పించింది తనే.

అరచెయ్యి చాచి ఆకు చూపించాడు. “ఇది అడ్డసరం కాదు సార్. పట్టుపురుగులు మేసి వదిలిన చెత్త. వెనక మేకలు తింటా ఉండాయి.”

“చూసినావా!” ఇన్‌స్పెక్టర్ గ్లాసు ఠక్కున పెట్టాడు. “అదే కదప్పా నేను చెప్పేది! ఆకు దుడ్డు డాక్టరమ్మ మింగేసింది!”

“ఆకు కొనేది నేను కాదు,” అంది మధుర.

శ్రీకంఠ తువ్వాలుతో నుదురు తుడుచుకున్నాడు.

“కొనేది నేనే. ఊళ్ళనుంచి బండోడు తెచ్చి పడేస్తాడు. నలిపినాకు, నాకేం తెలుస్తాది? మోసపోయినట్టుండాను పురుషోత్తమా. కండ్లు కూడా ఇంగ సరిగ్గా కనపడ్తా లేవు.”

పురుషోత్తమ్ గుండె తేలికపడింది. అదే అయి ఉంటుంది. ముసలాయనను ఎవడో బండివాడు మోసం చేశాడు. ఊపిరి వదిలి, ఎక్కడో ఒకచోట చూడాలి కాబట్టి గోడవైపు చూశాడు.

అక్కడ బిళ్ళల బోర్డు ఉంది. గనిలో దిగేముందు ప్రతి మనిషీ తీసుకుని, పైకొచ్చాక తిరిగిచ్చే ఇత్తడి బిళ్ళలు. పాత కార్మికులకు అలవాటైన పద్ధతని శ్రీకంఠ ఈ కేంద్రంలో కూడా దాన్నే ఉంచాడు. వచ్చినవాళ్ళు తమ బిళ్ళను కుడివైపుకు మారుస్తారు, వెళ్ళేటప్పుడు ఎడమవైపుకు. వరసలన్నిటిలో నంబర్లు మెరుస్తున్నాయి, ఒక్కచోట తప్ప. ఎడమవైపు, అంజినప్ప మేకుకు వేలాడుతున్న బిళ్ళ నంబరు గోడవైపు ఉంది. ఇటు బోడి ఇత్తడి.

“మునిలక్ష్మీ, అంజినప్ప బిళ్ళను ఎవరు తిప్పినారు?”

“నాకు తెలీదన్నా. పొద్దున నేను తలుపు తీసేసరికే అట్లుండాది. తొందరలో పోయినాడేమో అనుకొంటిని.”

“శవం చూడకముందా?”

“అవునన్నా. నా బిళ్ళ మార్చినాకనే కదా గోదాం తాళంచెవి తీసింది.”

ఇన్‌స్పెక్టర్ విసుక్కున్నాడు. “బిళ్ళ తిరిగితే ఏమప్పా? గాలి!”

“బిళ్ళకు పైన కొక్కెం ఉండాది సార్. గాలికి తిరగదు, ఎవరో ఊడదీసి తగిలించాల.” పురుషోత్తమ్ శ్రీకంఠ వైపు తిరిగాడు. “సార్, మా నాయన పోయినరోజు మీరు నన్ను ఈ కౌంటర్ లోపలికి తీసుకొచ్చినారు. ఒక బిళ్ళ చూపించినారు. ఏం చెప్పినారో గుర్తుండాదా?”

శ్రీకంఠ చూపు బోర్డు దగ్గరికి వెళ్ళలేదు. నేల మీదే ఉంది. “గనిలో పోయినవాని బిళ్ళ ఇంగెవరికీ ఇయ్యం. నంబరు గోడకు తిప్పి పెడతాం. ఆయనకు ఇంగ షిఫ్టు లేదని.”

“ఈ ఆచారం ఎవరెవరికి తెలుసు?”

“మాకే. టైం ఆఫీసు లోపల ముగ్గురం ఉంటిమి. కార్మికులు చూస్తే దిగడానికి జంకుతారని బయటికి చెప్పేవాళ్ళం కాదు.”

“మిగతా ఇద్దరు?”

ఆ ఇద్దరి చావుకూ శ్రీకంఠతో పాటు పాడె మోసింది పురుషోత్తమే.

ఇన్‌స్పెక్టర్‌కు అర్థం కావడానికి ఇంకొక్క క్షణం పట్టింది. అతని చూపు మధుర మీద నుంచి మెల్లగా శ్రీకంఠ మీదికి తిరిగింది.

“అంజినప్ప ఇంటికి పోయినాడని నమ్మించాలని బిళ్ళను ఎడమవైపుకు మార్చినారు. అంతవరకూ ఎవడైనా చేస్తాడు. కానీ చచ్చినవాని బిళ్ళను నంబరు కనపడేట్టు తగిలించడానికి మీ చెయ్యి రాలేదు సార్. ఒక జీవితకాలం చేసిన చెయ్యి కదా.” పురుషోత్తమ్ ఫోన్ తీసి డాక్టర్ చిన్మయ్ నంబరు నొక్కి, స్పీకర్ పెట్టి, కాఫీ ఫ్లాస్కు పక్కన ఉంచాడు. “అది తర్వాత. ముందు పెదనాయన. డాక్టర్ లైన్లో ఉండాడు. ఆ కషాయంలో ఏం కలిపినారు?”

“పురుషోత్తమ్, చెప్పండి,” అంది ఫోన్. “ఇక్కడ టైం లేదు.”

శ్రీకంఠ ఫ్లాస్కు అందుకుని మూత బిగించాడు.

“మిమ్మల్ని చూసి నేను చెప్పినాను సార్. నన్ను చూసి ఆయన తాగినాడు. చెప్పండి.”

శ్రీకంఠ పాత కౌంటర్ బల్లను పట్టుకుని కూర్చున్నాడు. తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. మాట్లాడినప్పుడు గొంతు వణకలేదు. హాజరు చదివే గుమాస్తా గొంతు అది.

“రాసుకోండి డాక్టర్. ప్రెడ్నిసొలోన్. రోజుకు ఇరవై మిల్లీగ్రాములు పడేట్టు పొడి చేసి సీసాల్లో కలిపినాను. పది నెలలుగా. ఓబలప్పకే కాదు, అరవై మందికీ. ఒక్కరికి కూడా టక్కున ఆపొద్దు. ఇన్‌స్పెక్టర్ గారూ, మీరు సీలు వేస్తే ముందు వాళ్ళను ఆసుపత్రికి పంపించండి.

“దుడ్డు తిన్నానని మాత్రం అనొద్దండి. మధురమ్మా, నువ్వు కూడా విను. మొదట ఏడాది పైన ఉట్టి అడ్డసరమే తాగించినాను. ఎవరికీ ఏమీ కాలేదు. నువ్వు చెప్పినట్టే ‘పని చేయలేదు’ అని రాస్తే రెండో విడత సొమ్ము రాదు, తలుపు మూస్తారు. మూస్తే వాళ్ళకు ఎక్స్‌రే లేదు, వారం వారం చూసే డాక్టరు లేదు, మధ్యాహ్నం ఒక ముద్ద లేదు. గనులు మూసినప్పుడు ఈ ఊపిరితిత్తుల కోసం నేను ఎన్ని గడపలెక్కినానో పురుషోత్తమునికి తెలుసు. జబ్బు అంటే ఒక్కరూ ఇయ్యలేదు. పరిశోధన అంటే ఇచ్చినారు, మూలిక అంటే ఇచ్చినారు. వాళ్ళకు మనిషి బతకడం అక్కరలేదు, మందు పని చేయడం కావాల. సరే, పని చేయించినాను. మాత్రలు కొనడానికి ఆ సొమ్ములో దారి లేదు. మొదట నా చేతి దుడ్డు పెట్టినాను, అది అయిపోయినాక మూడు నెలలుగా ఆకు ఖర్చు మిగిల్చి, పారేసే మల్బరీ తెప్పించినాను.

“అంజినప్పకు ఆకు మారిన సంగతి మొదటినుంచే తెలుసు. నా మాట మీద నోరు మూసుకున్నాడు. ఓబలప్ప పడిపోయినాక నేను పొడి కలిపేది చూసినాడు. నిన్న ఐదింటికి నేను బస్టాండు దాకా పోయి తిరిగొచ్చినాను, వానితో మాట్లాడాలని. డాక్టరమ్మ పోయేదాకా రోడ్డు అవతల నిలబడినాను. కాళ్ళు పట్టుకున్నాను. ‘పురుషోత్తమునికి చెప్పేస్తా సార్, వాడు మీ బిడ్డ మాదిరి, వానికే మోసం చేస్తిరే’ అన్నాడు. తోసినాను. తల పొయ్యి అంచుకు తగిలింది. చావలేదు. లేస్తా ఉండాడు, నీ పేరే పిలుస్తా ఉండాడు పురుషోత్తమా. గోదాంలోకి లాగి, గోతాం తీసి మొహం మీద పెట్టినాను.

“నాకు బలం యాడిది? నా చేతులు చూడు. కానీ ఎక్కువసేపు అదమనక్కర్లేదని నాకు తెలుసు. వాని ఊపిరి ఎంతవరకు వస్తాదో నెలనెలా గొట్టం ఊదించి కొలిచింది నేనే కదప్పా.”